పండగ సెలవులు, తాళం వేసిన ఇళ్లు, పాత అనుమానాలు

సంక్రాంతికి ఊరెళ్లేవారికి పోలీసులు ఏటా చెప్పే జాగ్రత్తలు మంచివే. నగలు బ్యాంకు లాకర్లో పెట్టాలి, ఇరుగుపొరుగుకు చెప్పి వెళ్లాలి, ప్రయాణం ఫొటోలు అప్పటికప్పుడు సోషల్ మీడియాలో పెట్టకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా అమరుస్తారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది.

అయినా దొంగతనం జరగగానే చూపు ముందుగా పనిమనిషి మీదికి, వాచ్‌మన్ మీదికి, ఊరి చివరి గుడిసెల మీదికి మళ్లుతుంది. ఈ అలవాటును చట్టమే పెంచి పోషించింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతులపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. ఎరుకలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచి కాపలా కాశారు. 1952లో ఆ చట్టం రద్దయినా, అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో అనుమానం బతికే ఉంది.

2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా పోలీసులు మార్గదర్శకాలు పాటించాలని ఆదేశించింది. పండగ జాగ్రత్తల ప్రకటనలో ఈ ఆదేశానికీ చోటుండాలి. ఫిర్యాదుదారు కూడా తాను చూసిందే రాయాలి. ఆధారం లేని అనుమానం అసలు దొంగకు పారిపోయే వ్యవధి ఇస్తుంది, అమాయకుణ్ని లాకప్‌కు పంపుతుంది.