ప్లీజ్ తగిలిస్తే మర్యాద వచ్చేస్తుందా?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాళ్ళకి మర్యాదగా అడగటం రాదని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఐటీలో ఈ మాట తరచూ వింటుంటాను. "మీ తెలుగులో ప్లీజే లేదు కదా, అందుకే మీ మెయిల్స్ ఆర్డరేసినట్టుంటాయి" అని ఒక సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్ గారి ఉవాచ.

ప్లీజ్ ఎందుకండీ? తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో సీటు కావాలంటే "కాస్త జరుగుతారా" అంటాం. అంతే, అవతలాయన జరుగుతాడు. మన మర్యాద అంతా క్రియలోనే ఉంది. చెయ్యి, చెయ్యండి, చేస్తారా, చేసిపెడతారా, వీలైతే చేసిపెడతారా... ఐదు మెట్లు! 'దయచేసి' అనేది స్టేషన్లో మైకు భాష. ఇంట్లో "అమ్మా, దయచేసి పప్పు వెయ్యి" అని చూడండి, జ్వరమేమో అని నుదురు పట్టుకు చూస్తుంది :)

అసలు విషయమేంటంటే, ఇంగ్లీషులోనూ మర్యాద ఉండేది క్రియలోనే. 'కెన్ యూ' అంటే "నీకు కుదురుతుందా" అని అడగటం. కుదరదని చెప్పి తప్పుకోవడానికి అవతలివాడికి ఒక దారి వదిలిపెడుతున్నాం. 'వుడ్ యూ' అంటే ఇష్టం అడుగుతున్నాం. 'కుడ్ యూ'లో భూతకాలమేమీ లేదు, ఇంకో అడుగు దూరంగా నిలబడి అడుగుతున్నామంతే. జాన్ సెర్ల్ 1975లోనే దీని మీద వ్యాసం రాశాడు. బ్రౌన్, లెవిన్సన్ తమ మర్యాద సిద్ధాంతానికి ఇంగ్లీషుతో పాటు మన పక్కింటి తమిళాన్నీ ఉదాహరణగా తీసుకున్నారు. అంటే ఈ విద్య తెల్లవాళ్ళ సొంత ఆస్తేమీ కాదు.

మరి తేడా ఎక్కడొస్తోంది? మా టీములో ఒకబ్బాయి క్లయింటుకి "యూ కెన్ సెండ్ ది లాగ్స్ టుడే" అని రాశాడు. వాడి బుర్రలో ఉన్నది "ఈరోజు లాగ్స్ పంపగలరు". గమనించగలరు, సహకరించగలరు, హాజరు కాగలరు... మన ఆఫీసు కాగితాల్లో ఇంతకంటే మర్యాదైన మాట ఉందా? కానీ ఇంగ్లీషులో దానర్థం "పంపుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు". క్లయింటుకి మండింది. అప్రైజల్లో కమ్యూనికేషన్ దగ్గర రేటింగు కోసేశారు. సలహా ఏమిచ్చారో తెలుసా? "ప్లీజ్ పెట్టు". ఇప్పుడు "ప్లీజ్ సెండ్ ది లాగ్స్ టుడే" అని రాస్తున్నాడు. ముందు అనుమతి, ఇప్పుడు ఆజ్ఞ. ఏం బాగుపడ్డట్టు?

'ఒకసారి చూడండి' కథా ఇంతే. మన 'ఒకసారి' మాటని మెత్తబరుస్తుంది. 'ప్లీజ్ చెక్ వన్స్' అంటే అవతలివాడు లెక్క వింటాడు, రెండోసారి చూడక్కర్లేదేమో అనుకుంటాడు.

విచిత్రమేంటంటే క్రియ బరువు మనకి తెలియంది కాదు. 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2119 ఉన్నదే అందుకు. మస్ట్ అంటే తప్పదు, షుడ్ అంటే సరైన కారణముంటే తప్పుకోవచ్చు, మే అంటే నీ ఇష్టం. డిజైన్ రివ్యూలో ఈ మూడింటి మీద గంటసేపు కొట్టుకునే మనమే, మెయిల్లో పెద్దాయనకి "యూ షుడ్ అప్రూవ్" అని రాస్తాం. ఎందుకంటే బళ్ళో 'కెన్ అంటే గలను, షుడ్ అంటే వలెను' అని పట్టిక బట్టీ పట్టించారు. ఎవరితో, ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పలేదు.

"క్లయింటు డబ్బులిస్తున్నాడు, వాడి పద్ధతి మనమే నేర్చుకోవాలి" అంటారా? నేర్చుకుందాం, కాదనను. కానీ నేర్చుకోవాల్సింది క్రియలు, ప్లీజులూ కైండ్లీలూ కాదు. "కుడ్ యూ సెండ్ ది లాగ్స్ టుడే?" ఇది చాలు. అందులో ప్లీజ్ లేదు, అయినా ఎవరికీ మండదు.

మేనేజర్లకీ ఒక మాట. కోడులో బగ్గుంటే ఏ లైనులో ఉందో చూపిస్తారు కదా, వాక్యంలో ఉన్నా అలాగే చూపించండి. 'వీడి ఊరి వాళ్ళంతా ఇంతే' అని రేటింగు కొయ్యడం రివ్యూ కాదు, బద్ధకం.