పండక్కి వచ్చిన కుందేలు

డిసెంబరు చివరి వారం మొదలుకొని సంక్రాంతి దాకా మన ఇళ్ళల్లో ఇచ్చిపుచ్చుకునే రోజులు. బళ్ళకు సెలవులు, ఇంటి నిండా చుట్టాలు, పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టందే గడప దాటని మేనమామలు, పిన్నులు, బాబాయిలు. కొన్ని ఇళ్ళల్లో ఆ బహుమతుల మధ్య గాలి ఆడేందుకు రంధ్రాలు పొడిచిన అట్టపెట్టె కూడా ఒకటి ఉంటుంది. మూత తీస్తే రెండు అరచేతుల్లో ఇమిడిపోయే కుందేలు పిల్ల. పిల్లల సంతోషానికి హద్దుండదు. పెద్దలు మాత్రం పక్కకు తిరిగి, దీనికి ఏం పెట్టాలి, ఎక్కడ ఉంచాలి అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు దొరకడం కష్టం కాదు. కానీ వాటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ పిల్లను చూడగానే మన మనసులో మెదిలే జంతువు ఏది? కుందేళ్ళ పెంపకంలో మనవాళ్ళు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతున్నాయని ఈ సంపాదకీయం వాదన.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట చుట్టుపక్కల పుట్టి పెరిగి, ఇప్పుడు విదేశాల్లో ఉంటున్న మనలాంటివాళ్ళకు కుందేలంటే చెవులపిల్లి. పొద్దుగూకే వేళ జీడిమామిడి తోట అంచున చెవులు నిక్కబొడుచుకుని ఒక్కక్షణం నిలబడి, మనిషి అలికిడి కాగానే మూడు దూకుల్లో పొదల్లోకి మాయమయ్యే గోధుమరంగు జంతువు. ఎవరూ దాణా వెయ్యరు, గూడు కట్టరు. ఎండకూ వానకూ దాని బతుకు అది బతుకుతుంది. మన సాహిత్యంలో, సామెతల్లో ఉన్నదీ అదే. చంద్రుడికి శశాంకుడని పేరు తెచ్చినది, పంచతంత్రంలో సింహాన్ని బావిలో దూకించినది, మూడే కాళ్ళున్నాయని మొండికేసేవాడి చేతిలో ఉన్నది, అన్నీ చెవులపిల్లులే. ఆ సామెతలో సైతం కుందేలు పట్టినదే గాని పెంచినది కాదు. అట్టపెట్టెలో వచ్చినది ఆ జంతువు కాదు. అది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల నుంచి వచ్చిన వేరే జాతి. రెంటికీ జత కలిపినా పిల్లలు పుట్టవు. చెవులపిల్లి పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని పుడుతుంది, పుట్టిన కాసేపటికే కదలగలదు. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, బొరియలో తల్లి వెంట్రుకల పొత్తిళ్ళలో పుడుతుంది. మొదటిది ఒంటరిగా బయలులో బతికేది, రెండోది నేల కింద బొరియల్లో మందగా బతికేది. భాషలో రెంటికీ ఒకే మాట ఉండడంతో మొదటిదాని మొండిబతుకును రెండోదానికి అంటగట్టేస్తున్నాం. చెవులపిల్లి పిల్లను అడవి నుంచి తెచ్చి పెంచుదామనుకునేవాళ్ళకు కూడా ఒక మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, దగ్గర ఉంచుకోవడం నేరం.

ఈ కలగాపులగం వల్ల జరిగేది చూడండి. అదే ఏదో తింటుందిలే అని క్యారెట్లు, బిస్కెట్లు, అన్నం, చపాతీ ముక్కలు పెడతారు. కుందేలు తిండిలో నూటికి ఎనభై వంతులకు పైగా గడ్డే ఉండాలి, అదీ ఎప్పుడు కావాలంటే అప్పుడు నోటికందేలా. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే దవడ పళ్ళు కొక్కేల్లా వంగి నాలుకను, బుగ్గను కోస్తాయి. క్యారెట్ దానికి కూరగాయ కాదు, మిఠాయి. వారంలో ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. కొత్తిమీర, పుదీనా రోజూ గుప్పెడు పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దగ్గరికి రానీయకూడదు. ఒంటరి జంతువే కదా అని బోనులో ఒక్కదాన్నే ఉంచుతారు. మందగా బతికే ప్రాణి అది, తోడు లేకపోతే దిగులు పడుతుంది. గట్టి జంతువే కదా అని చెవులు పట్టుకుని ఎత్తుతారు. నిజానికి దాని ఎముకలు బహు పెళుసు, వెనక కాళ్ళలో బలం ఎక్కువ. భయపడి గాలిలో ఒక్కసారి తన్నుకుంటే తన వెన్నెముకను తానే విరగ్గొట్టుకోగలదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకునే ఎత్తాలి. చిన్నపిల్లలైతే ఎత్తకుండా నేలమీద కూర్చుని దాన్నే తమ దగ్గరికి రానిస్తే ఇంకా మేలు.

అలాగని ఊరి జ్ఞాపకాలన్నిటినీ పక్కన పెట్టెయ్యాలని కాదు. తప్పు జంతువును గుర్తు తెచ్చుకుంటున్నామంతే. గుర్తు తెచ్చుకోవలసింది చెవులపిల్లిని కాదు, మేకను. దమ్మపేట మండలంలో మేకలు, గొర్రెలు చూడని గడప ఉండదు. వాటి పెంపకంలో మనవాళ్ళకు తెలియకుండానే ఒంటపట్టిన తెలివిడి ఎంతో ఉంది. మేకను ఒంటరిగా కట్టేస్తే అరిచి గోల చేస్తుందని తెలుసు. మేత మార్చాలంటే ఒక్కరోజులో మార్చకూడదని తెలుసు. పెళ్ళింట్లో మిగిలిన అన్నం మేక అతిగా తింటే పొట్ట ఉబ్బి చస్తుందని తెలుసు. వీటిలో ప్రతి ఒక్కటీ కుందేలుకు అక్షరాలా వర్తిస్తుంది. అది కూడా గడ్డి మీద బతికే ప్రాణే. దాని పేగుల్లోనూ గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులున్నాయి, పిండిపదార్థం ఎక్కువైతే అవి తలకిందులవుతాయి. మేక నెమరు వేస్తుంది. కుందేలు నెమరు వెయ్యదు గానీ, ఆ పనినే మరో దారిలో చేస్తుంది. తెల్లవారుజామునో రాత్రిపూటో వంగి, చిన్న ద్రాక్షగుత్తిలా మెరిసే మెత్తటి ఉండలను నేరుగా నోట్లోకి తీసుకుని మింగేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు మలం తింటోందని హడలిపోయి తుడిచేస్తారు, అరుస్తారు. అది రోగం కాదు, మురికి కాదు. మొదటి విడతలో అందని విటమిన్లను, మాంసకృత్తులను రెండో విడతలో అందుకునే పద్ధతి. ఆపకూడదు.

మేకల కాపరికి తెలిసిన ఇంకొక సంగతి ఇక్కడ అన్నిటికన్నా విలువైనది. పొద్దున దొడ్డి తలుపు తీయగానే అతని చూపు ముందు నేలమీదికి పోతుంది. పెంటికలు గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా, తక్కువగా ఉన్నాయా? అవి చూసే ఏ మేకకు ఒంట్లో బాగాలేదో పట్టేస్తాడు. కుందేలు ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళు చెయ్యవలసింది సరిగ్గా ఇదే. వేటజంతువులకు ఆహారమయ్యే ప్రాణి కనుక కుందేలు నొప్పిని దాచుకుంటుంది, మూలగదు, కుంటదు. ఒక మూల ముడుచుకుని కళ్ళు సగం మూసి, పళ్ళు పటపట కొరుకుతుంటే కునుకు తీస్తోంది పాపం అనుకుంటాం. మంచి గడ్డి తినే కుందేలు పెంటికలు పెద్ద శనగగింజంత ఉంటాయి, గుండ్రంగా, పొడిగా, వేళ్ళ మధ్య నలిపితే గడ్డిపొడిలా రాలతాయి. అవి చిన్నవైపోయినా, వెంట్రుకలతో దండలా గుచ్చుకుని వచ్చినా, పూర్తిగా ఆగిపోయినా పేగుల కదలిక మందగించిందని అర్థం. పన్నెండు గంటలు తిండి ముట్టని కుందేలును ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పన్నెండు గంటలంటే రాత్రి భోజనాల వేళ నుంచి మర్నాడు పొద్దున కాఫీ దాకా. రాత్రి పెట్టిన కొత్తిమీర పొద్దునకు అలాగే ఉందంటే, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చూద్దాం అనుకోవడానికి వీల్లేదు.

పిల్లలకు బాధ్యత నేర్పడానికే కదా ఇచ్చింది అంటారు. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ప్రాణాన్ని చూసుకోవడంలో నేర్చుకునేది పుస్తకంలో దొరకదు. కానీ మన ఊళ్ళో మేకపిల్లను ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అప్పగించి, ఇక నీదే భారం, చస్తే నీదే తప్పు అన్న ఇల్లు ఎక్కడుంది? వాడు మేతకు తోలుకెళ్ళేవాడు, ఆకు కోసుకొచ్చేవాడు, పిల్లమేకను ఒళ్ళో పెట్టుకుని ఆడించేవాడు. మేక మాత్రం ఇంటిది. జబ్బు చేస్తే నాన్నో తాతో చూసేవారు. బాగా చూసుకున్న కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని అందుకున్న పాప కాలేజీకి వెళ్ళేనాటికి కూడా అది ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దానికి గడ్డి పెట్టేది అమ్మానాన్నలే. ఆ సంగతి ముందే ఒప్పుకున్న ఇంట్లో పిల్లలకు బాధ్యత అబ్బుతుంది. ఒప్పుకోని ఇంట్లో పిల్లలు నేర్చుకునేది, మోజు తీరాక ప్రాణాన్ని ఎలా వదిలించుకోవాలో.

ఇంకొక అభ్యంతరం మరింత బరువైనది. ఊళ్ళో మనుషులకే ఆసుపత్రి దూరమైన ప్రాంతం నుంచి వచ్చి, కుందేలుకు ఇంత ఖర్చా? దమ్మపేట అడవి పల్లెల సంగతి తెలిసినవాళ్ళ నోటి నుంచి ఈ ప్రశ్న రావడం సహజం, న్యాయం కూడా. ఈ పత్రిక జవాబు ఒకటే. ఆ ప్రశ్న వెయ్యవలసింది కుందేలును తెచ్చేముందు. తెచ్చాక కాదు. ఖర్చు నిజంగానే ఉంది. అమెరికాలో కుందేళ్ళను చూసే పశువుల డాక్టర్లు అన్ని ఊళ్ళలో దొరకరు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కొన్ని వందల డాలర్లు అవుతాయి. అది మానేద్దామంటే ఆడకుందేలుకు వయసు మీదపడే కొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా తరచుగా వస్తుంది. మగదీ ఆడదీ కలిసి ఉంటే 31 రోజులకు ఒక ఈత, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. అమ్మేవాళ్ళు రెండూ ఆడవేనని చెప్పిన జంటలో ఒకటి మగది కావడం అరుదేమీ కాదు. టెక్సాస్, ఆరిజోనా, కాలిఫోర్నియాల్లో 2020లో అడవి కుందేళ్ళలో బయటపడిన రక్తస్రావ వ్యాధి చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు, దానికి టీకా వేయించాలి. కుక్కలకు పిల్లులకు వాడే కొన్ని గోమారి మందులు, ముఖ్యంగా ఫిప్రోనిల్, కుందేలు ప్రాణం తీస్తాయి. ఇవన్నీ భరించలేమనుకుంటే, ఊరికి పంపే డబ్బు ముఖ్యమనుకుంటే, అది గౌరవించదగిన నిర్ణయం. అప్పుడు కుందేలును తేకుండా ఉండడమే దాని పట్ల దయ. తెచ్చి, బోనులో పెట్టి, జబ్బు చేస్తే చిన్నప్రాణమే కదా అని వదిలెయ్యడానికి మాత్రం ఊరి పేదరికాన్ని సాక్ష్యంగా పిలవకూడదు.

ఇచ్చేవాళ్ళతో కూడా ఒక మాట. 1859 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ఇంగ్లండు నుంచి పంపిన 24 కుందేళ్ళు మెల్బోర్న్ రేవులో దిగాయి. విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం వచ్చాయవి. యాభై ఏళ్ళు తిరిగేసరికి వాటి సంతతి ఖండమంతా పాకి పొలాలను, పచ్చికను ఊడ్చేసింది. అందుకే ఈనాటికీ క్వీన్స్‌లాండ్‌లో కుందేలును పెంచుకోవడం చట్టవిరుద్ధం. ఆ రాష్ట్రంలోని బ్రిస్బేన్‌లో ఉన్న మన సంఘ సభ్యులు పిల్లలు ఎంత మారాం చేసినా ఆ ఊసు ఎత్తకపోవడానికి కారణం అదే. చట్టం అడ్డులేని చోట కూడా, ఆ ఇంట్లో పెద్దవాళ్ళను అడగకుండా ప్రాణమున్న బహుమతి ఇవ్వడం ప్రేమ అనిపించుకోదు. ఇక ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, దమ్మపేటలో ఉన్న మేనల్లుడికో మనవరాలికో సంక్రాంతి కానుకగా కుందేలును పంపేవాళ్ళు మే నెలను తలుచుకోవాలి. జనవరి చలిలో వరండాలో గెంతులేసే కుందేలుకు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎండ 45 డిగ్రీలు తాకే మధ్యాహ్నాలు తప్పవు. 30 డిగ్రీలు దాటితేనే దానికి వడదెబ్బ ముప్పు. దానికి చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల్లోంచే పోవాలి. రేకుల కప్పు కింద, కరెంటు పోయిన పూట, తడిగుడ్డ వేసేవాళ్ళు లేకపోతే ఒక్క మధ్యాహ్నం చాలు. చెవులపిల్లి ఆ ఎండకు తట్టుకుంటుంది కదా అనేవాళ్ళు ఉంటారు. రెండూ ఒకటి కాదని పైన చెప్పుకున్నాం.

కుందేలు ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే బెంగ అక్కర్లేదు. బోను ఉంటే దాని తలుపు తీసిపెట్టండి, రోజులో కొన్ని గంటలైనా గదిలో తిరగనివ్వండి, ఛార్జర్ తీగలు ఎత్తి కట్టండి. స్నానం చేయించొద్దు, అది తన్ను తానే శుభ్రం చేసుకుంటుంది. ముక్కుతోనే ఊపిరి పీల్చే జీవి గనుక పూజ అయ్యేదాకా, అగరుబత్తి పొగ పోయేదాకా వేరే గదిలో ఉంచండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ అలవాటుకొద్దీ వరిగడ్డి అడిగితే, అది పడకకు పనికొస్తుంది గానీ మేతకు చాలదని చెప్పండి, తిమోతి గడ్డి చూపించండి. ఆరు నెలలు నిండాక లూసర్న్ గడ్డి తగ్గించెయ్యాలి, అందులో సున్నం ఎక్కువ. తోడు తెద్దామనుకుంటే దుకాణానికి పోకుండా ఇతరులు వదిలేసిన వాటిని చేరదీసే ఆశ్రయాలను అడగండి. 1988లో కాలిఫోర్నియాలో మొదలైన హౌస్ రాబిట్ సొసైటీ చేస్తున్న పనుల్లో అదీ ఒకటి. ముందు రెంటికీ ఆపరేషన్ చేయించి, కొన్ని వారాలు కంచె అవతల ఒకటి ఇవతల ఒకటి ఉంచి మెల్లగా కలపాలి.

మనలాంటి కుటుంబాలకు అసలు చిక్కు జూన్‌లో వస్తుంది. బళ్ళకు సెలవులు ఇవ్వగానే ఐదారు వారాలకు హైదరాబాదు మీదుగా ఊరికి టికెట్లు తీసుకుంటాం. పండగల్లో వచ్చిన కుందేలు అప్పటికి ఇంటికి వచ్చి సుమారు ఐదు నెలలు. రెండు రోజులకోసారి పక్కింటివాళ్ళు వచ్చి గిన్నెలో దాణా పోసిపోతే సరిపోయే ప్రాణి కాదది, పన్నెండు గంటల లెక్క పైన చూశాం. కాబట్టి టికెట్లు కొనే ముందే ఎవరింట్లో ఉంచాలో తేల్చుకోవాలి. ఆ ఇంటివాళ్ళకు గడ్డి ఎక్కడ కొంటారో, డాక్టరు ఫోన్ నంబరు ఏమిటో, పెంటికలు ఎలా ఉండాలో కాగితం మీద రాసివ్వాలి. ఈ వేసవిలో ఊరికి వెళ్ళకుండా ఇక్కడే ఉంటున్నవాళ్ళు, ఇంట్లో కుక్కా పిల్లీ లేనివాళ్ళు, ఒక కుందేలును గానీ జంటను గానీ చూసుకోగలమనుకుంటే మార్చి నెలాఖరులోగా తమ పేరు, ఊరు సంఘం కార్యాలయానికి తెలియజేయమని కోరుతున్నాం. ఏప్రిల్ సంచికలో ఊళ్ళవారీగా ఆ జాబితా వేస్తాం.