వంశపు రక్తపోటు, వంటింటి ఉప్పు

"మా వంశంలోనే ఉంది" అన్న మాట రక్తపోటు ప్రస్తావన వచ్చినపుడు తెలుగు కుటుంబాలలో తరచుగా వినబడుతుంది. అది అబద్ధమూ కాదు. ఆ మాట అనుకున్న పిమ్మట ఆవకాయ జాడీ దూరంగా జరిగిందా, లేక ధైర్యంగా మరింత చేరువైందా అన్నదే అసలు ప్రశ్న.

లాలాజలం సీసాలో పోసి పంపితే జన్యు నివేదిక ఇంటికి వచ్చే సదుపాయం అమెరికాలో ఏర్పడిన తరువాత ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం పెరిగింది. లిడిల్ వ్యాధి వంటి అరుదైన సందర్భాలు మినహా రక్తపోటును ఏ ఒక్క జన్యువూ శాసించదు. పది లక్షలమందికి పైగా వ్యక్తుల వివరాలతో 2018లో వెలువడిన పరిశోధన, రక్తపోటుతో సంబంధమున్న జన్యుస్థానాల సంఖ్యను 901కి చేర్చింది. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. వాటినన్నిటినీ కూడగా వచ్చే లెక్కే నివేదికలోని అంచనా. ఇటువంటి లెక్కలకు ఆధారమైనవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు గనుక తెలుగువారి విషయంలో దాని గురి అంత సూటిగా ఉండదు.

ఆ అంచనా చేతికందితే మనిషి మారుతాడా? 18 పరిశోధనలను కూర్చి 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్షలో, జన్యుపరమైన ముప్పు తెలిసినంత మాత్రాన ఆహారంలోగాని వ్యాయామంలోగాని చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇందులో వింతేమున్నది? ఎదురుగా కూర్చున్న వైద్యుడు చెబితేనే ఉప్పు తగ్గించనివారు కాగితం మీది అంకెకు లొంగుతారా!

అట్లని నివేదికను చెత్తబుట్టలో వేయనక్కరలేదు. దానితోపాటు చెప్పవలసిన రెండవ సగం ఒకటున్నది. బ్రిటన్‌లో రెండున్నర లక్షలకు పైబడిన ప్రజలను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, జన్యుపరమైన ముప్పు ఎక్కువగా ఉన్నవారిలోనూ, తక్కువగా ఉన్నవారిలోనూ, మంచి అలవాట్లు కలవారి రక్తపోటు తక్కువగానే కనిపించింది. 1997 నాటి డాష్ పరీక్షలోనైతే ఉప్పు పాళ్ళు మార్చకుండానే, పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువైన పాలపదార్థాలు పెంచినందుకు రక్తపోటు కలవారి పై అంకె, సాధారణ అమెరికన్ భోజనం తిన్నవారితో పోలిస్తే 11 పాయింట్లకు మించి తగ్గింది. ఎనిమిది వారాలలో! ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు, అనగా సుమారు ఒక చిన్న చెంచా. సూట్‌కేసులలో సముద్రాలు దాటి వచ్చే పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఈ చెంచాలోనివే.

ఇక తాతకు పక్షవాతం ఏ వయస్సులో వచ్చిందో ఇండియాకు ఫోను చేసి అడిగితే తెలుస్తుంది. దానికి సీసా అక్కరలేదు. సీసా పంపేవారు మరొక సంగతి గమనించాలి. 2008 నాటి అమెరికా చట్టం ఆరోగ్య బీమాలోను, ఉద్యోగంలోను జన్యు వివక్షను నిషేధించింది గాని జీవిత బీమాను తాకలేదు.

వేసవికి వచ్చే తల్లిదండ్రుల కోసం కొన్న రక్తపోటు యంత్రం చాలా ఇళ్ళలో ఉన్నది. వారు తిరిగి వెళ్ళగానే అది అలమారు ఎక్కుతుంది. దాని పట్టీని నలభై ఏళ్ళ కొడుకు తన చేతికి చుట్టుకొని చూసుకోవడం మాత్రం అరుదు.