పొగాకు – వయోపరిమితి – వ్యక్తిస్వేచ్ఛ

2019 డిసెంబరు 20న అమెరికాలో పొగాకు అమ్మకానికి కనీస వయస్సు 18 నుండి 21కి పెరిగినది. మాసచూసెట్స్ రాష్ట్రంలోని నీడమ్ పట్టణం 2005లోనే ఆ పని చేసినది. హవాయి 2016 జనవరి 1 నుండి రాష్ట్రమంతటా అమలుపరచినది. చట్టం పాతబడినా దానిపై అభ్యంతరం పాతబడలేదు. పద్దెనిమిదేళ్ళకు ఓటు వేయవచ్చు, అప్పుపత్రంపై సంతకం చేయవచ్చు, సైన్యంలో చేరి ప్రాణం ఒడ్డవచ్చు. సిగరెట్టు పెట్టె మాత్రం కొనరాదా? ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఈ ప్రశ్న వేసినప్పుడు కసరి ఊరుకోబెట్టడం సమాధానం కాదు. (తండ్రి గ్యారేజీలో నిలబడి కాల్చే ఇంట్లో అది అసలే చెల్లదు.) ప్రశ్న న్యాయమైనదే.

అయితే ఇక్కడ అమ్ముడవుతున్న సరుకు ఎటువంటిదో చూడవలసి ఉన్నది. పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరి, ఎసిటైల్‌కోలిన్ అనే సహజ పదార్థం కోసం ఏర్పడిన గ్రాహకాలను ఆక్రమిస్తుంది. ఇది నిత్యకృత్యమైతే మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకొంటుంది. అటుపైన నికోటిన్ అందకపోతే చిరాకు, మనసు నిలవకపోవడం. నిగ్రహానికి ఆధారమైన మెదడు భాగం ఇరవై దాటిన తరువాత కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మరొక సంగతి. క్షారరూపంలోని నికోటిన్ గొంతును మండిస్తుంది. కొత్తవాడు దగ్గి పారవేయడానికి ఆ మంట ఒక కారణం. బెంజాయిక్ ఆమ్లం వంటిది కలిపి దానిని లవణంగా మార్చిన ఈ-సిగరెట్లలో మంట తగ్గి, పెద్ద మోతాదు కూడా సులువుగా లోపలికి పోతుంది. కొనేవాని స్వేచ్ఛను గురించి మాట్లాడేవారు, తయారీదారు ముందుగానే చేసిన ఈ ఏర్పాటును గురించి మాట్లాడరు.

పదిహేనేళ్ళవానికి సిగరెట్టు అందేది తరచు అదే హైస్కూలులోని పద్దెనిమిదేళ్ళ స్నేహితుని చేతి మీదుగానే. గిరీశం వల్ల తనకు అబ్బినది చుట్ట కాల్చడమొక్కటే అని ‘కన్యాశుల్కం’లో వెంకటేశం వాపోలేదా! వయస్సు 21 చేస్తే ఎక్కువ మేలు పొందేది 15–17 ఏళ్ళవారేనని 2015లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేయడానికి కారణమిదే.

స్వేచ్ఛకు అంతగా వాదించిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా 1859 నాటి తన గ్రంథంలో, తన్ను తాను బానిసగా అమ్ముకొనే స్వేచ్ఛను ఒప్పుకోలేదు. సిగరెట్టు అంతటి దాస్యం కాదు, మానినవారు ఎందరో ఉన్నారు. కాని ముప్పయ్యవ ఏట మానదలచి మానలేని మనిషి స్వేచ్ఛ కూడా లెక్కలోనిదే. పైగా సమాఖ్య చట్టం శిక్షించేది అమ్మినవానిని, కొన్న కుర్రవానిని కాదు. న్యూజిలాండ్ 2022లో, 2009 నుండి పుట్టినవారికి జీవితాంతం అమ్మరాదని చట్టం చేసి, 2024లో రద్దుచేసుకొన్నది. నలభై ఏళ్ళవానికి కూడా నిషేధం విధించే ఆ పద్ధతి హద్దు మీరినదే. 21 నియమం చేసేది మూడేళ్ళ వాయిదా మాత్రమే.

సైనికుని సంగతి మాత్రం తేలలేదు. 2019 చట్టం సైన్యానికి మినహాయింపు ఇవ్వలేదు. పద్దెనిమిదేళ్ళకే యుద్ధానికి పంపడం తగునా అన్నది విడిగా తర్కించవలసిన విషయం. సిగరెట్టు చేతికిచ్చినంత మాత్రాన అది పరిష్కారం కాదు.