గృహవిజ్ఞానము: బొమ్మ రైలును విప్పిన బాలిక

క్రిందటి నెల ఈ శీర్షికలో కుట్టుమిషనును శుభ్రపరచు విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ నెల సోదరీమణులకు మఱియొక యంత్రమును గూర్చి చెప్పదలచితిమి. అది ఇంటిపనికి వచ్చునది కాదు, పిల్లలాడుకొను రైలుబొమ్మ. అయినను దానివలన మా యింట కలిగిన తగవును, ఆ తగవు తీఱిన విధమును వినినచో ఇది మన శీర్షికకు తగిన విషయమే యని మీరును అంగీకరింతురు.

మేముండునది అనకాపల్లి. హౌరా–చెన్నై ప్రధానమార్గము మా యూరిమీదుగనే పోవుచున్నది. ఇచ్చటి పసిపిల్లలు గూడ్సు పెట్టెలను లెక్కించుచునే అంకెలు నేర్తురు. మా అన్నగారి కుమార్తెకు పదునాలుగేండ్లు. అమెరికాలోనున్న ఆమె మేనమామ రెండు బొమ్మ ఇంజనులను, పట్టాలను పంపెను. అవి ‘ఎన్ స్కేలు’ బొమ్మలు. అనగా అసలు బండిలో 160వ వంతు. పట్టాల నడిమి యెడము 9 మిల్లీమీటర్లు మాత్రమే.

రెండింటిని ఒకే పట్టాపై నుంచినంతనే చిక్కు వచ్చెను. పాత పద్ధతిలో పట్టాలలోనికి ఎంత విద్యుత్తు వచ్చునో అంత వేగముగ ఇంజను నడచును. కావున ఒకటి కదలినచో రెండవదియు కదలును; ఒకటి నిలిచినచో రెండవదియు నిలుచును. “దేని దారిని దానిని నడుపుటకు వీలులేదా అత్తా?” అని బాలిక యడిగెను.

వీలున్నది. ఆ పద్ధతికి డిజిటల్ కమాండ్ కంట్రోల్ అని పేరు. అభిమానులు డీసీసీ యందురు. 1980వ దశకమున జర్మనీలో లెంజ్ సంస్థ దీనిని రూపొందించగా, 1990వ దశకమున అమెరికాలోని నమూనా రైళ్ళ జాతీయ సంఘము దీనిని ప్రమాణముగ స్వీకరించెను. ఇందు పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడును నిండుగనే యుండును. దాని దిక్కు మాత్రము మాఱుచుండును. సెకనును పదిలక్షల పాళ్ళు చేసినచో, 58 పాళ్ళకొకసారి మాఱుట ‘ఒకటి’కి గుర్తు, 100 పాళ్ళకు మాఱుట ‘సున్న’కు గుర్తు. ఈ ఒకట్లు సున్నలతో కూర్చిన సందేశములో ఇంజను సంఖ్య, దానికిచ్చు ఆజ్ఞ, తప్పొప్పులు సరిచూచుకొను అంకె వరుసగ నుండును. ప్రతి ఇంజనులోను డీకోడరు అను చిన్న బిళ్ళ కూర్చుండి, అన్ని సందేశములను వినుచు, తన సంఖ్యతో వచ్చినదానినే పాటించును. వంటింటినుండి తల్లి పేరుపెట్టి పిలిచినపుడు నలుగురు పిల్లలును విందురు; పిలువబడినవాడే లేచివచ్చును. ఇదియు నట్టిదే.

డీకోడరులు అంగడిలో సిద్ధముగ దొరకును. అయితే కొందఱు అభిమానులు తాము చేసిన డీకోడరుల పటమును, ప్రోగ్రామును దాచుకొనక లోకమున కిచ్చివేసిరి. దీనినే ఓపెన్ సోర్సు అందురు. ఒకరి వాకిట ముగ్గు చూచి నేర్చుకొని, మనకు తోచిన తీగ నొకదానిని చేర్చి ప్రక్కయింటి కోడలికి చూపుట వంటిది. ఆజ్ఞలు పంపు పెట్టెకును డీసీసీ-ఈఎక్స్ అను అట్టి ప్రోగ్రామే కలదు. మా మేనకోడలు అట్టి పటమును చూచి డీకోడరును తానే కూర్చెదనని పట్టుపట్టెను. విద్యుత్తును ఒకే దిక్కునకు మలచు నాలుగు డయోడ్లు, సందేశము చదువు చిప్పు, మోటారును నడుపు మఱియొక చిప్పు – ఇవన్నియు చిటికెనవ్రేలంత పలకపై నిముడును.

మా తండ్రిగారు ఒప్పుకొనలేదు. “విలువగల వస్తువు. ఆడపిల్ల విప్పి పాడుచేయును. తెలిసిన అబ్బాయి నెవరినైన పిలిపింతము” అనిరి. మేమును మొదట వారితో ఏకీభవించితిమని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ఆ రాత్రి మా బాల్యము జ్ఞప్తికి వచ్చెను. మా అన్నగారు ఇంటి రేడియోను విప్పినపుడు మాకు దక్కినది టార్చిలైటు పట్టుకొను పని. లోపల నేమున్నదో తొంగిచూచుటకైనను వెలుగు మావైపు రాలేదు. మఱునాడు బాలికకు అనుమతి నిచ్చితిమి.

పాత పోపులపెట్టె గిన్నెలలో మరలను వరుసగ నుంచుకొని ఆమె ఇంజనును విప్పెను. డీకోడరు తీగలకు రంగుల కట్టుబాటున్నది. ఎఱుపు, నలుపు పట్టాలనుండి విద్యుత్తును తెచ్చును. నారింజ, బూడిదరంగు మోటారునకు పోవును. తెలుపు ముందు దీపమునకు, పసుపు వెనుక దీపమునకు, నీలము ఆ రెంటికిని ఉమ్మడి. ఎంబ్రాయిడరీ దారములు తెలిసిన చేతికి ఇది కష్టము కాదు. అన్నియు టంకము వేసి మీట నొక్కినంతనే సన్నని పొగ లేచెను. డీకోడరు కాలిపోయెను.

“చెప్పితిని గదా” అనిరి మా తండ్రిగారు. పిల్ల కన్నీరు పెట్టుకొనలేదు. మల్టీమీటరు తీసికొని కారణము వెదకెను. ఇట్టి చిన్న ఇంజనులు పెక్కింటిలో ఒడలే రెండు లోహపు చెక్కలు. ఒక్కొక్క చెక్క ఒక్కొక్క పట్టానుండి విద్యుత్తును నేరుగా మోటారునకందించును. డీకోడరు అమర్చునపుడు మోటారు ఆ చెక్కలకు ఎచ్చటను తగులరాదు. ఒక రాగిరేకు కొన తగులుచునే యుండెను. ఆమె ఈ సంగతిని పటముతో సహా నోటుపుస్తకమున వ్రాసికొనెను. ఆ పుటను మా తండ్రిగారు రెండుమారులు చదివిరి, ఏమియు అనలేదు.

రెండవ డీకోడరు అమర్చునాడు, మోటారునకును చక్రములకును నడుమ సంబంధము లేదని మీటరుతో తేల్చుకొన్న పిదపనే పని మొదలయ్యెను. రేకు కొనలకు వేడికి కరగని కాప్టన్ టేపు చుట్టబడెను. మొదటి పరీక్ష, తక్కువ విద్యుత్తు వచ్చు చిన్నపట్టాపై జరిగెను. పొరపాటున్నను అచ్చట డీకోడరు కాలుట అరుదు. క్రొత్త డీకోడరునకు సాధారణముగ 3 అను సంఖ్య యుండును. దానిని ఆమె తన వయస్సునకు గుర్తుగ 14గా మార్చెను. నాటి సాయంకాలము 14వ ఇంజను కదలెను. డీకోడరు లేని రెండవ ఇంజను ప్రక్కన పీటపై తన వంతునకు వేచియుండెను. పని సాగినంతసేపు టార్చిలైటు పట్టుకొన్నవారు మా తండ్రిగారే.

ఇంకొక ముఖ్యవిషయము. ఆ పటమును లోకమునకిచ్చినవారి పేర్లను బాలిక తన పుస్తకపు మొదటి పుటలో వ్రాసెను. ఓపెన్ సోర్సు అనగా దిక్కులేని సొత్తు కాదు. కాలిఫోర్నియాలో రాబర్టు జేకబ్సను అను భౌతికశాస్త్రజ్ఞుడు, ఆయన మిత్రులు డీకోడరులను సవరించు ప్రోగ్రామును ఉచితముగ నిచ్చిరి. వేఱొకరు అందలి భాగములను కర్తల పేర్లు తొలగించి అమ్మకపు సరుకులో చేర్చిరి. వ్యాజ్యము నడచి, అట్టి షరతులు చట్టప్రకారము చెల్లునని 2008వ సంవత్సరమున అమెరికా అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. బొమ్మ రైళ్ళనుండి పుట్టిన ఆ తీర్పు ఇట్టి ప్రోగ్రాములన్నిటికిని రక్ష యయ్యెను. మన జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱతోను లక్కతోను చేయు బొమ్మలకు 2017వ సంవత్సరమున భౌగోళికగుర్తింపు లభించినదిగదా! అదియు పేరును కాపాడుటకే. విద్యను పంచుకొనవచ్చును, ఇచ్చినవారి పేరును చెఱపరాదు.

ఇంట ఇట్టి పని పెట్టుకొను సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు మఱువరాదు. టంకపు తీగలో సీసముండవచ్చును. కావున వంటింటిలో ఈ పని వలదు. పసిపిల్లలను దూరముగ నుంచి, కిటికీ తెఱచి, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కాగిన ఐరనును స్టాండుమీదనే పెట్టవలెను. తీగను ముట్టుకొనుటకు ముందు విద్యుత్తును ఆపివేయవలెను. అన్నిటికంటె ముఖ్యము – మొదటి వస్తువు కాలినదని పిల్లచేతినుండి పనిముట్టును లాగికొనకుడు. ఎందుకు కాలినదో వ్రాసి తెమ్మనుడు.