'ఒంటికి' మాట ఎత్తడానికి సిగ్గెందుకు?

మన ఇళ్లలో కడుపునొప్పికి ఉన్నన్ని వైద్యాలు మరే నొప్పికీ లేవు. పాలు తాగే పిల్ల గుక్కపట్టి ఏడిస్తే బొడ్డు చుట్టూ ఇంగువ రాస్తాం. కాస్త పెద్దదయితే వాము నీళ్లు పట్టిస్తాం. అప్పటికీ తగ్గకపోతే దిష్టి తీస్తాం, లేదా నులిపురుగుల మందు వేస్తాం. సరిగ్గా బడి వేళకే నొప్పి మొదలైందా... అది బడి ఎగ్గొట్టే ఎత్తని తేల్చేస్తాం! ఇక పెద్దవాళ్ల కడుపునొప్పికి ఒకటే పేరు. గ్యాసు.

వీటిలో చాలావాటి వల్ల పెద్దగా నష్టమేం లేదు. చాలా కడుపునొప్పులు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి, మంచిపేరు వాముకో దిష్టికో దక్కుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, నొప్పి ఏమిటో తెలియకముందే మందు పడిపోతోంది. పైగా పొట్ట గురించి ఇంత మాట్లాడే మనం, ఆ పొట్ట వెనకే ఉన్న మూత్రపిండాల ఊసెత్తం. డాక్టరు దగ్గర 'అన్నం తినడం లేదండీ, వాంతి చేసుకుందండీ' అని వివరంగా చెబుతాం. 'ఒంటికి ఎలా వెళ్తోంది?' అన్న సంగతి మాత్రం ఆయన అడిగేదాకా చెప్పం. ఎదిగిన ఆడపిల్లయితే అడిగినా నసుగుతాం. కిడ్నీ జబ్బులు ఆలస్యంగా బయటపడటానికి డబ్బు లేకపోవడం ఎంత కారణమో, ఈ సిగ్గు కూడా అంత కారణమని నా అభిప్రాయం.

చంటిపిల్లల సంగతే తీసుకోండి. జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరం మాత్రం కాస్తుంది. పాలు సరిగ్గా తాగదు, వాంతి చేసుకుంటుంది, చిరాగ్గా ఏడుస్తుంది. పళ్లు వస్తున్నాయని బామ్మలంటారు. మెడికల్ షాపులో చెబితే ఓ యాంటీబయాటిక్ సీసా ఇస్తాడు. రెండు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. మరో రెండు నెలలకి మళ్లీ వస్తుంది. ఇలా కారణం కనిపించని జ్వరం వెనక మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. మంటగా ఉందని చెప్పే వయసు కాదు కదా! కొందరు పిల్లల్లో మూత్రం సంచిలోంచి వెనక్కి, కిడ్నీల వైపు ఎగదన్నే లోపం పుట్టుకతోనే ఉంటుంది. వాళ్లకి ఈ ఇన్ఫెక్షన్ పదేపదే వస్తే కిడ్నీ మీద మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఆనాడు నొప్పి పెట్టవు. ఆ పిల్ల పెద్దదై పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు బీపీ రూపంలో బయటపడవచ్చు. అప్పుడు 'ఇంత చిన్న వయసులో బీపీ ఏమిటమ్మా!' అని ఆశ్చర్యపోతాం.

కాబట్టి అడగాల్సిన మాట ఒకటుంది. 'డాక్టరుగారూ, యాంటీబయాటిక్ మొదలెట్టేముందు మూత్రం పరీక్ష చేయిద్దామా?' అని. ఆ 'ముందు' అన్నమాటే ముఖ్యం. మందు పడ్డాక తీసిన మూత్రంలో క్రిమి దొరకకపోవచ్చు. మామూలు పరీక్షలో అనుమానం వస్తే కల్చర్ పెడతారు. ఏ క్రిమి ఉందో, ఏ మందుకి లొంగుతుందో ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. పెద్దపిల్లలయితే శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్యలోది సీసాలో పట్టాలి. ఇంట్లో హార్లిక్స్ సీసా కడిగి తీసుకెళ్తే పనికిరాదు, ల్యాబువాళ్లిచ్చిన డబ్బానే వాడాలి. చంటిపిల్లలకి ఎలా పట్టాలో ఆసుపత్రిలో నర్సే చూపిస్తుంది. ఇన్ఫెక్షన్ ఉందని తేలితే, వయసుని బట్టి కిడ్నీలకి స్కానింగ్ కూడా రాస్తారు. జ్వరం తగ్గిందిగా, ఇంక స్కానింగ్ ఎందుకని మానేయకండి.

కాస్త పెద్దపిల్లలు మంటని చెబుతారు. కానీ దానికి మన దగ్గర సిద్ధంగా ఓ జవాబుంది. 'వేడి చేసింది!' మామిడిపళ్లు తిన్నా వేడే, ఎండలో ఆడినా వేడే. సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్లు ఇస్తాం. ఇవ్వండి, తప్పులేదు. నీళ్లు తక్కువై పచ్చగా వస్తుంటే వాటితోనే తగ్గుతుంది. కానీ మంటతోపాటు జ్వరం, నడుం పక్కన నొప్పి, చెడు వాసన, ఎరుపు రంగు... వీటిలో ఏది ఉన్నా అది వేడి కాదు. రాత్రిళ్లు పక్క తడపడం మానేసిన పిల్ల హఠాత్తుగా మళ్లీ తడుపుతోందంటే కొట్టి లాభం లేదు. అది ఇన్ఫెక్షనూ కావచ్చు, సుగరూ కావచ్చు. పిల్లల్లో సుగరు జబ్బు ముదిరితే అది కూడా కడుపునొప్పి, వాంతుల రూపంలోనే కనిపిస్తుంది. మలబద్ధకం ఉన్న పిల్లలకి మూత్రం ఇన్ఫెక్షన్లు ఎక్కువన్న సంగతి కూడా చాలామంది అమ్మలకి తెలియదు. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, సంచి పూర్తిగా ఖాళీ కాదు. మూత్రానికి మందు వాడుతూ మలబద్ధకాన్ని వదిలేస్తే ఆ మందు ఎన్నిసార్లు వాడినా అంతే.

ఇంకో పొరపాటు వింటే నవ్వొస్తుంది గానీ నవ్వే విషయం కాదు. మూడు నాలుగేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి బొద్దుగా కనిపిస్తాడు. 'ఒళ్లు చేశాడు' అని మురిసిపోతాం. పొద్దున్నే లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మూత్రంలో నురగ వస్తుంది. అది ఒళ్లు కాదు, నీరు. కిడ్నీల జల్లెడ వదులై రక్తంలోని ప్రొటీను మూత్రంలో పోతోందన్నమాట. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. భయపడక్కర్లేదు, చాలామంది పిల్లలకి స్టిరాయిడ్ మందులతో తగ్గుతుంది. మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది కూడా. ఇక్కడే తల్లులు తడబడతారు. స్టిరాయిడ్ అన్న పేరు విని, పక్కింటావిడ మాట విని, ముఖం ఉబ్బిందని మధ్యలో ఆపేస్తారు. అలా ఒక్కసారిగా ఆపడం మందుకన్నా ప్రమాదం. చిన్న పట్టీ ముంచి ఇంట్లోనే మూత్రంలో ప్రొటీను చూసుకునే పద్ధతి ఉంది. డాక్టరు చెప్పినట్టు నోటుబుక్కులో రోజూ రాసుకునే తల్లి, తిరగబెట్టిన జబ్బుని ఒళ్లు ఉబ్బకముందే పట్టుకుంటుంది. అలాగే గొంతునొప్పి వచ్చిన రెండు వారాలకో, ఒంటి మీద పుండ్లు లేచిన నెలకో మూత్రం కోకాకోలా రంగులో వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకి వెళ్లాలి.

పరీక్షల మాట పక్కన పెట్టి పరుగెత్తాల్సిన నొప్పులూ ఉన్నాయి. బొడ్డు దగ్గర మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగే నొప్పి, వాంతి, జ్వరం ఉంటే అపెండిసైటిస్ కావచ్చు. పిల్లల్లో అది త్వరగా పగులుతుంది. మన ఇళ్లలో కడుపు శుభ్రమవుతుందని ఆముదం పట్టే అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. చంటిపిల్ల కాసేపు కాళ్లు ముడుచుకుని ఏడ్చి, కాసేపు ఊరుకుని, మళ్లీ ఏడుస్తూ జిగురు, రక్తం కలిసిన విరేచనం చేస్తే పేగులో పేగు దూరిందేమోనని చూడాలి. ఇంకొకటి మగపిల్లల అమ్మలకి. ఎదిగే వయసు అబ్బాయి పొత్తికడుపులో నొప్పని మెలికలు తిరుగుతుంటే, కింద వృషణాల దగ్గర నొప్పి ఉందా అని నాన్న చేతనైనా అడిగించండి. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి ఉన్న గడువు దాదాపు ఆరు గంటలే. సిగ్గుపడి తెల్లారేదాకా చెప్పకపోతే తర్వాత తీసేయడమే. సిగ్గు ఆడపిల్లల సొత్తే కాదు!

ఇక మన విషయానికొద్దాం. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించే ఇల్లాలు తన నొప్పికి ఏం చేస్తుంది? మెడికల్ షాపుకి పిల్లాణ్ని పంపి బిళ్ల తెప్పించుకుంటుంది. మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మింగేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బీపీ, సుగరు ఉన్నవాళ్లు అలా మింగితే కిడ్నీకి మరింత చేటు. ఏం కలిపారో చీటీ కూడా లేని పొడులు, పసర్లు సరేసరి. భోజనం చేశాక కుడి డొక్క పైన పోటు పెడితే గ్యాసు బిళ్ల వేసుకుంటారు. అది పిత్తాశయంలో రాయి కావచ్చని నెలల తర్వాత స్కానింగులో తెలుస్తుంది. నడి వయసులో ఛాతీ కింద, పైకడుపులో బరువుగా ఉండి చెమటలు పడితే అది గుండెపోటూ కావచ్చు. ఆడవాళ్లకి గుండెపోటు ఇలా 'గ్యాసు' వేషంలో రావడం డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. తెలియనిది మనింట్లో వాళ్లకే. కిడ్నీలో రాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. బీరు తాగితే కరుగుతాయన్నది మగవాళ్లు కనిపెట్టుకున్న వైద్యం! బీరుకి రాయి కరగదు. నీళ్లు బాగా తాగడం, ఉప్పు తగ్గించడం, ఏ రాయో తెలుసుకోవడం, ఇవే పనికొచ్చేవి.

పొత్తికడుపులో నొప్పి, మంట, తెల్లబట్ట అని వెళ్లిన ఆడమనిషికి మన రాష్ట్రాల్లో ఇంకో ప్రమాదం ఉంది. గర్భసంచి తీసేయడం! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దాకా, తెలంగాణలో 8 శాతం దాకా ఉన్నారు. ఆ ఆపరేషన్ అవసరమైనవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ఇంతమందికా? మూత్రం పరీక్షా లేకుండా, స్కానింగు కాగితం అర్థమయ్యేలా చెప్పకుండా, 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా, ఉంచితే క్యాన్సర్ వస్తుంది' అని బెదిరిస్తే ఒప్పుకోకండి. మరో డాక్టరుకి చూపించుకోవడం అవమానం కాదు, ఆ డాక్టరు మీద అపనమ్మకమూ కాదు. అది మన హక్కు. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. వాళ్లకి మంట లేకపోయినా మూత్రంలో క్రిములు ఉండవచ్చు. వదిలేస్తే కిడ్నీలకి పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. అందుకే ఆ పరీక్ష. 'అబ్బ, మళ్లీ ఒంటేలు పట్టమంటారు' అని విసుక్కోకండి.

కిడ్నీ జబ్బు అనగానే మనకి గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడితోటల మధ్య పచ్చగా ఉండే ఊళ్లు. సుగరు, బీపీ లేనివాళ్లకి కూడా అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లా, ఎండా, మందులా, మరేదైనానా అన్నది ఇన్నేళ్లయినా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పథకమూ వచ్చింది. మంచిదే. అయితే ఉద్దానం నేర్పిన సంగతి అక్కడివాళ్లకి మాత్రమే కాదు. ఈ జబ్బు నొప్పి పెట్టదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికే కిడ్నీ పని సగం దాకా పోయి ఉండవచ్చు. దానికన్నా ముందే చెప్పేది మూత్రంలో ఆల్బుమిన్. సుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి ఆ పరీక్ష, క్రియాటినిన్ రెండూ చేయించుకోవాలి. అత్తగారికి సుగరు బిళ్లలు గుర్తుచేసి ఇచ్చే కోడలు, తనకి కాన్పప్పుడు బీపీ వచ్చిన సంగతి మరిచిపోతుంది. ఆ కోడలికీ చేయించాలి.

ఇంకో మాట ఇక్కడే అనేయాలి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఇచ్చే అమ్మ గొప్పదే, ఇచ్చే భార్య గొప్పదే. మరి ఆవిడకి అవసరమైనప్పుడు ఎవరిస్తారు? డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు ఎవరు తోడెళ్తారు? ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఖర్చు భరిస్తాయి, తోడు మాత్రం పంపలేవు.

సిగ్గు ఇంట్లో మొదలై బడిలో ముదురుతుంది. పొద్దున ఎనిమిదింటికి జడలేసి పంపిన పిల్ల సాయంత్రం అయిదింటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా బాత్‌రూములోకి పరుగెత్తుతుంది చూడండి. సీసాలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉంటాయి. తాగితే వెళ్లాల్సి వస్తుందని తాగదు! అంతసేపు ఆపుకోవడం వల్లే ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి. ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టి కాబట్టి క్రిములు తేలిగ్గా పైకి పాకుతాయి. విద్యాహక్కు చట్టం 2009లోనే ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడి మరుగుదొడ్లు ఉండాలంది. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టింది. 2019లో కేరళ బడుల్లో నీళ్లు తాగమని గంట కొట్టడం మొదలుపెడితే అది చాలా రాష్ట్రాలకి నచ్చింది. తాగమని గంట కొట్టారు సరే, వెళ్లడానికి చోటేదీ? చాలా బడుల్లో గది కట్టారు, నీళ్లు లేవు. నీళ్లుంటే గడియ లేదు. రెండూ ఉంటే తాళం వేసి ఉంటుంది, అది టీచర్ల కోసమట! ఫీజులు గట్టిగా వసూలు చేసే బడుల్లో కూడా క్లాసు మధ్యలో ఒంటికి వెళ్తానంటే కసిరే టీచర్లున్నారు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల కార్డు మీద సంతకం పెట్టి వచ్చేయకండి. ఆ భవనం వెనక్కి కూడా వెళ్లి, తలుపు తీసి చూడండి. గడియ పడుతోందా, కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా, తాళం చెవి ఎవరి దగ్గరుంటోంది? నలుగురు అమ్మలు కలిసి అడిగితే హెడ్‌మాస్టరుగారు విసుక్కున్నా ఆ తాళం తీయించక తప్పదు.