చీపురా, లెక్కల పుస్తకమా?

ఈ మధ్య మన కాలేజీల్లో ఒక కొత్త మాట వినబడుతోంది: చక్రీయ ఆర్థిక వ్యవస్థ. వస్తువును వాడి పారెయ్యకూడదు, చెడితే బాగుచెయ్యాలి, ఇక పనికిరాదనుకున్నప్పుడు కరిగించి మరొకటి చెయ్యాలి. చెత్త అనేదే మిగలకూడదు. ఇందులో కాదనవలసిందేమీ లేదు. కాని ఆ మాటను ఎవరు ఎవరికి బోధిస్తున్నారు? దాని వెంట వచ్చిన ‘బాధ్యతగల పర్యాటకం’, ‘యువ పర్యావరణ నాయకత్వం’ అనే మాటల వల్ల లాభపడేది ఎవరు? నా తగాదా ఇక్కడ.

నేను కాలేజీ ఉపాధ్యాయుణ్ణి. కిందటేడు నలభైమంది విద్యార్థుల్ని సూర్యలంక సముద్రతీరానికి తీసుకువెళ్ళాను. పిలిచినవారు టోపీలిచ్చారు, చేతితొడుగులిచ్చారు, ఆఫ్రికా సఫారీ హోటళ్ళు చెత్తను ఎలా మళ్ళీ వాడుకుంటున్నాయో ఉపన్యాసం ఇచ్చారు, ఫోటోలు తీశారు. పిల్లలు ఒక పూటంతా వంగి నీళ్ళసీసాలు, చిరుతిళ్ళ పొట్లాలు ఏరారు. బస్సెక్కబోతూ ఒక అమ్మాయి అడిగింది: “మాస్టారూ, ఈ సంచులు ఎక్కడికి పోతాయి?” నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ అమ్మాయే కనుక్కుంది. సంచులు కొన్ని మైళ్ళవతల ఒక ఊరి చివర చెత్తగుట్ట మీదికి పోయాయి. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు తొడుగుల్లేని చేతులతో వాటిని విప్పి మళ్ళీ ఏరుతున్నారు. సీసాలు పాతసామాన్ల కొట్టువాడు కొంటాడు. మెరుపుకాగితం పొట్లాలు ఎవరూ కొనరు గనక అవి మంటల్లోకి పోతాయి. మా సేవ అంతా చెత్తకు చోటు మార్చింది, అంతే. అసలు చక్రం ఏదైనా తిరుగుతోందంటే, తిప్పుతున్నది ఆ ఇద్దరి చేతులే. వాళ్ళను నాయకులని ఎవరూ అనలేదు, వాళ్ళకు టోపీ కూడా ఇవ్వలేదు.

నా విద్యార్థుల్లో చాలామంది గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పనిచేసే రైతుల, కూలీల బిడ్డలు. చక్రం వాళ్ళ ఇళ్ళకు కొత్త కాదు. పత్తిగింజ గొడ్డుకు, పేడ తిరిగి చేనుకు చేరేవి. పత్తికట్టె పొయ్యిలో మండితే ఆ బూడిదతో అంట్లు తోమేవారు. ఇది చెప్పగానే కొందరు మిత్రులు పాతకాలాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెడతారు. నేను పెట్టను. ఆ పేడ ఎత్తింది కూలి లెక్కకు రాని ఆడది. ఊరి మురికి ఎత్తింది కులం పేరుతో ఊరవతలికి నెట్టబడ్డ మనిషి. ఆ చక్రం తిరిగింది వాళ్ళ వీపుల మీద. దాన్ని అలాగే తిరిగి తెమ్మనడం అభ్యుదయం కాదు.

అయితే దాన్ని విరిచిందీ రైతు సోమరితనం కాదు. పురుగుమందు డబ్బాలు మూటలు మూటలుగా చేలల్లోకి వచ్చాయి. 1987–88లో తెల్లదోమ పత్తిని తినేసింది; మందులు పనిచెయ్యలేదు, అప్పులు మాత్రం మిగిలాయి; ఈ రెండు జిల్లాల్లోనే రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇవాళ మిరపచేలో మల్చింగ్ షీటు కూడా పరుస్తున్నాం. నిండుడబ్బాను గ్రామం దాకా మోసుకొచ్చే వ్యాపారానికి ఖాళీడబ్బాను తీసుకుపోవడానికి దారి తెలియదా? కడిగి, చిల్లుపెట్టి పాతిపెట్టమని రైతుకే పాఠం చెబుతారు. లాభం ఒకరిది, చెత్త మరొకరిది. చేలో జరుగుతున్నదే సముద్రతీరంలోనూ జరుగుతోంది.

చట్టం లేదా? వుంది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు తయారీదారు మీద బాధ్యత పెట్టాయి. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాల వంటివి కొన్ని నిషేధమయ్యాయి. కాని మా పిల్లల సంచులు నింపిన నీళ్ళసీసాలు, చిరుతిళ్ళ పొట్లాలు ఆ జాబితాలో లేవు.

ఆఫ్రికా నుంచి నేర్చుకుందామంటే నాకు అభ్యంతరం లేదు. హోటలు కరపత్రం నుంచి మాత్రం వద్దు. రువాండా 2008లో, కెన్యా 2017లో ప్లాస్టిక్ సంచుల వాడకాన్నే కాదు, తయారీని, అమ్మకాన్ని కూడా నిషేధించాయి. కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో పల్లె ఆడవాళ్ళతో చెట్లు నాటించడం మొదలుపెట్టింది. అక్కడితో ఆగలేదు. 1989లో నైరోబీ ఉహురు పార్కులో ప్రభుత్వం అరవై అంతస్తుల మేడ కట్టబోతే అడ్డం తిరిగింది. పాలకులు ఆమెను హేళన చేశారు; మేడ మాత్రం లేవలేదు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. మొక్క నాటినంత కాలం మెచ్చుకున్నవాళ్ళకే, మేడ ఎవరికని అడిగేసరికి కోపం వచ్చింది. 2020 జనవరిలో దావోస్‌లో యూగాండా యువతి వెనెస్సా నకాటే నలుగురు తెల్ల యువతులతో కలిసి ఫోటో దిగింది. ఒక వార్తాసంస్థ ఆమెను కత్తిరించి మిగతా నలుగురినే ప్రచురించింది. యువతకు నాయకత్వం ఇస్తామనేవారి చేతిలోనే కత్తెర కూడా వుంటుంది.

“విమర్శిస్తూ కూచోవడం కంటే ఏరడం మేలు గదా” అంటాడు ఒక మిత్రుడు. ఏరండి. ఏరినదాన్ని లెక్కపెట్టండి కూడా. ఏ కంపెనీ పొట్లాలు ఎన్ని? తీరంలోని విడిదిళ్ళు ఎన్ని నీళ్ళు తోడుతున్నాయి, మురుగు ఎటు వదులుతున్నాయి? గదులు వూడ్చేవారికి కూలి ఎంత? చెత్తగుట్ట మీది ఆడవాళ్ళకు గుర్తింపుకార్డు, కూలి, చేతితొడుగులు ఎవరివ్వాలి? ఈ ప్రశ్నలు గ్రామసభలో అడిగినవాడే నాయకుడు. చీపురు పట్టుకున్న విద్యార్థిని అందరూ మెచ్చుకుంటారు. లెక్కల పుస్తకం పట్టుకున్న విద్యార్థికి శత్రువులు తయారవుతారు. అతని వెనక నిలబడడం ఉపాధ్యాయులమైన మన పని.

ఆ రోజు ఆ ప్రశ్న నేను అడగలేదు, నా విద్యార్థిని అడిగింది. టోపీ పెట్టుకుని ఫోటోలో నిలబడ్డవాళ్ళలో నేనూ వున్నాను. ఈ వ్యాసం ముందు నాకే వర్తిస్తుంది. ఈ ఏడు మళ్ళీ పోతున్నాం. ఈసారి సంచులతోపాటు నోటుపుస్తకాలు కూడా పట్టుకుపోతాం.